చాలంటావా

హలో… ఆ, నేనే పాపా, వదినని… గొంతు అలాగే ఉంటుంది మరి, మెల్లగా మాట్లాడుతున్నాను కదా… జలుబూ లేదు, గిలుబూ లేదు… వంటింట్లో ఉన్నాను, తలుపు దగ్గరగా వేసుకున్నాను…

మీ అన్నయ్యా? ఉన్నారు… వెనకాల బాత్రూంలో… స్నానం కాదులే… చెప్తాను. ముందు నువ్వెందుకు చేశావో చెప్పు.

ఆ… ఆ… రేపా? వ్యాను రేపే పంపుతావా? ఎందుకమ్మా అంత తొందర, మీ అన్నయ్య బొమ్మల ఎగ్జిబిషన్ ఆదివారం కదా… తగిలించడానికి టైం పడుతుందా… అవునులే, మేకులూ, తాళ్ళూ, వంకరొచ్చిందని మళ్ళీ తీసి కొట్టడమూ…

పాపా, రేపు వద్దు… ఎల్లుండి కూడా వద్దు… అబ్బే, ఏం లేదు. ఫ్రేములు కట్టే అతను ఇంకా ఇవ్వలేదు, అందుకని… వాడి సంగతి నీకు తెలియనిదా, ఇదిగో అంటాడు, అదిగో అంటాడు…

… …

ఏంటీ? నువ్వు వాడికి ఫోన్ చేశావా?… ఎప్పుడు?… ఇచ్చేసి చాలా రోజులైందన్నాడా… హు… అన్నాడూ…

సరే, దొరికిపోయాను. నవ్వకు… నాన్చట్లేదు. నీళ్ళు నమలట్లేదు. చెప్తాను. ముందు నువ్వెక్కడున్నావు?… ఆఫీసులోనా? పక్కన ఎవరున్నారు?… అయితే బయటికి రా… మెట్ల దగ్గరికి… వచ్చావా? కూర్చో… కూర్చోమంటే కూర్చోవే తల్లీ, యాభై దగ్గర పడుతున్నా ప్రతిదానికీ ఎందుకూ ఎందుకూ అని ప్రాణం తీస్తావు…

బొమ్మలు లేవు.

… లేవంటే లేవు… దొంగలేంటి, ఆయన బొమ్మలు ఎవడెత్తుకెళ్తాడే!… తగలబడలేదు… అమ్మలేదు… అరవకు, అందరూ చూస్తారు అక్కడ. కాగితాలున్నాయి పాపా. ఫ్రేములున్నాయి, అద్దాలున్నాయి. వాటిలో బొమ్మలే లేవు… కడిగేశారు.

ఎవరేంటి, మీ అన్నయ్యే.

… …

ఎప్పుడూ కడుగుతారుగా అంటావేంటి? అదే కదా అసలు గొడవ… నువ్వు గోడ మీద బొమ్మ చూశావు గానీ కడగడం ఎప్పుడైనా చూశావా? ఎప్పుడొచ్చినా టీ తాగి, వాచీ చూసుకుని, పరిగెత్తుతావు… తప్పు పట్టట్లేదు, ఉన్న మాట చెప్తున్నాను.

విను. జీవితమంతా డ్రై క్లీనింగ్ షాపులో మరకలు తీసిన చెయ్యి అది. బొమ్మలు వెయ్యడం ఎవరూ నేర్పలేదు. ఓరోజు రంగుల పెట్టె కొనుక్కొచ్చి షాపులో ఇస్త్రీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు, అంతే. తక్కినవాళ్ళు తెల్ల కాగితం మీద కొంచెం కొంచెంగా వేసుకుంటూ పోతారట కదా. ఈయన ముందు కాగితమంతా నింపేస్తారు. కొండ, చెరువు, పొలాలు, ఆకాశం, అన్నీ బండ రంగులు. సంతలా ఉంటుంది, చూడలేం. దాన్ని బాగా ఆరనిచ్చి, మర్నాడు పొద్దున్నే బాత్రూంలో కొళాయి కింద ఏటవాలుగా పట్టుకుంటారు. సన్నటి ధార, చేతిలో స్పాంజి. పోయే రంగు పోతుంది. పోనిది ఉంటుంది. ఆ ఉన్నదే బొమ్మ. మీరంతా ఎంత పొదుపు, ఎంత నిదానం అని మురిసిపోయేది దాన్ని చూసే…

ఆ… అందుకే… పొగమంచు వెయ్యరాయన. కడుగుతారు.

ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందంటావా?… చెప్తే నవ్వుతావు… నన్ను అడుగుతారు. అడిగేవారు. ‘చాలంటావా?’ అని లోపల్నుంచి ఒక్క కేక. నేను గరిటె పట్టుకునే వెళ్ళి గుమ్మంలో నిలబడేదాన్ని. ఇంకొంచెం అంటే ఇంకొంచెం. చాలు అన్నానా, టక్కున కట్టేసేవారు. ఇంక దాని జోలికి వెళ్ళరు.

… నాకేం తెలుసే నా బొంద! కొండకీ కుప్పకీ తేడా తెలీదు నాకు. మీ హాల్లో ఉంది చూడు, చెరువు గట్టు, దాని వెనక చెట్టు… అది ఎలా ఆగిందనుకున్నావు? పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చాలు చాలు అనేసి పరిగెత్తాను. లేకపోతే ఆ చెట్టు కూడా పోయేదే… నిజం! ఒట్టు!… నవ్వు, నవ్వు. ఆ సంగతి చెప్తే ఆయన కూడా నవ్వేవారు. ‘పాలు పొంగబట్టే కుదిరింది’ అనేవారు.

… …

ఎప్పట్నుంచీ అంటే… ఏం చెప్పను. ఓరోజు పొద్దున్నే కొళాయి చప్పుడు. కొత్త బొమ్మేదీ వేసినట్టు లేదే అనుకుంటూ వెళ్ళాను. చూద్దును కదా, ఆ రైలు కట్ట బొమ్మ. ఫ్రేము విప్పేశారు. అద్దం గోడకి ఆనించి పెట్టారు, మేకులు పోకుండా సబ్బుపెట్టెలో వేసుకున్నారు, అంత జాగ్రత్తగా… కడుగుతున్నారు. ‘ఏమండీ, ఇది అయిపోయింది కదా’ అన్నాను. ‘ఎక్కడయింది? నిన్ననేగా రంగు వేశాను, ఇంకా కడగందే’ అన్నారు… మామూలుగా అన్నారు పాపా. ఇవాళ ఏం వారం అంటే చెప్తాం చూడు, అంత మామూలుగా.

… అడగకుండా ఉంటానా? మరి ఫ్రేములోకి ఎలా వెళ్ళిందండీ అన్నాను. నన్నే ఎగాదిగా చూశారు. ‘నువ్వే కట్టించి ఉంటావు, నీకు ప్రతిదానికీ తొందర’ అన్నారు. కాసేపు నాకే అనుమానం వచ్చింది, నేనే కట్టించానేమోనని.

పరధ్యానం అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు… తర్వాత ఇంకోటి. నేను కూరలకెళ్తే ఒకటి, పక్కింటావిడతో మాట్లాడుతుంటే ఒకటి… ఆపలేదా అంటావేంటి! ఒంటికాలి మీద లేచాను. చాలు, చాలు అని అరిచాను. కొళాయి నేనే కట్టేశాను. ఆయన మళ్ళీ తిప్పారు. నేను కట్టడం, ఆయన తిప్పడం. పిల్లల ఆటలా… ఆఖరికి, ‘నీకు తెలీదులే, అవతలికి వెళ్ళు’ అన్నారు.

… ఆ. ఆ మాటే అన్నారు.

నాకు తెలీదని ఇద్దరికీ తెలుసు పాపా. ఇన్నేళ్ళూ తెలిసే అడిగారు. ఆ రోజు నుంచీ అడగడం మానేశారు… బొమ్మలు పోతే పోయాయి, కాగితాలే కదా. నన్ను అడగడం మానేశారే, అది… అది నేను…

… లేదు, ఏడవట్లేదు. ఉల్లిపాయలు తరుగుతున్నాను… సరే, తరగట్లేదు.

ఆ, అన్నీ చేశాను. బాత్రూంకి తాళం వేశాను. తాళంచెవి ఎక్కడ పెట్టానో నాకే కనపడక తల ప్రాణం తోకకొచ్చింది. పైకెక్కి ట్యాంకు వాల్వు కట్టేశాను. నీళ్ళు రాకపోతే ఏం చేశారో తెలుసా? ఓ చేత్తో బకెట్టు, చంకలో బొమ్మ, పక్కింటికి బయల్దేరారు. ‘మీ కొళాయి కాసేపు వాడుకోవచ్చా’ అని. ఆవిడ నవ్వుతూ రమ్మంది. నేను వెనకాలే వెళ్ళి, ఏం లేదండీ, మా ఇంట్లో నీళ్ళు రావట్లేదు అని పళ్ళికిలించి లాక్కొచ్చాను. వచ్చి వాల్వు తిప్పాను. ఏం చెయ్యను, వీధిలో నలుగురి ముందూ కడగడం కంటే నా ఇంట్లో కడుక్కోవడం నయం కదా.

… కొత్తవి వెయ్యమనాలా? నువ్వు చెప్పేదాకా నాకు తట్టలేదనుకున్నావా? కాగితం పెట్టాను, పెట్టె మూత తీసి పెట్టాను, కుంచెలు తడిపి చేతికిచ్చాను. కాగితం వంక చూసి, ‘బాగుంది, దీన్ని ఎవరు కడిగారు?’ అన్నారు… వెయ్యడం మర్చిపోయారు పాపా. కడగడం ఒక్కటే గుర్తుంది.

… …

ఉన్నావా?… ఊఁ…

ఇంకోటి చెప్పనా? ఎవరికీ చెప్పలేదిది. ఆ ఎగ్జిబిషన్ హాలావిడని తీసుకొచ్చావు కదా, బొమ్మలు చూపిద్దామని… ఆవిడ ఏవి ఏరుకుంది? అన్నిట్లోకీ తెల్లగా ఉన్నవి. ‘ఈ మధ్య వేసినవే అసలు గొప్పవి, ఇంత వదిలెయ్యాలంటే మనిషికి ఎంత ధైర్యం ఉండాలి’ అంది. నువ్వు గర్వంగా నన్ను మోచేత్తో పొడిచావు కూడా… ఆయన మాత్రం ఎలా ఉన్నారో గుర్తుందా? గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నారు, ఎవరి బొమ్మలో అన్నట్టు… అప్పటికే మొదలైందేమో. ఆ తెల్లనివి రెండోసారి కడిగినవేమో. మనం చప్పట్లు కొట్టింది దేనికి పాపా?

… నువ్వలా అంటావు. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. ఏది ఆయన చెయ్యో, ఏది ఆయన జబ్బో నాకెలా తెలియాలి? వెనక్కి వెనక్కి వెళ్ళిపోతున్నాను. పోయినేడు వేసినవి? అంతకు ముందువి? మాట తగ్గింది, మనిషే అంతలే అనుకున్నాను. తిండి తగ్గింది, వయసులే అనుకున్నాను. స్నేహితుల దగ్గరికి వెళ్ళడం తగ్గింది, మంచిదే, ఇంటిపట్టున ఉంటారు అనుకున్నాను. మొదట్నుంచీ అన్నీ తగ్గించుకుంటూ వచ్చిన మనిషికి ఏది తగ్గితే రోగమని నేను భయపడాలి? చెప్పు.

… తీసుకెళ్ళాను… ఆ, నీకు చెప్పకుండానే… తిట్టు, తిట్టు, అర్హురాలినే… నీకు చెప్తే నిజమైపోతుందని చెప్పలేదు, చాలా?

పళ్ళ డాక్టరని అబద్ధం చెప్పి తీసుకెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. ఏవో మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. కాసేపాగి అడిగితే, ‘నువ్వే చెప్పావు కదయ్యా, నువ్వే మర్చిపోతే ఎలా?’ అన్నారు మీ అన్నయ్య… నవ్వొస్తుంది కదూ… తర్వాత ఇంకు పెన్ను ఇచ్చి గడియారం వెయ్యమన్నాడు. ఎంత గుండ్రంగా వేశారనుకున్నావు! అంకెలన్నీ వేశారు, ఎక్కడివక్కడ. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో వేలు నాలిక్కి తడి చేసుకుని ఒక్కో అంకే తుడిచెయ్యడం మొదలుపెట్టారు. ‘ఇన్నెందుకు, ముల్లుంటే చాలదూ’ అన్నారు. డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను… ఆ తర్వాత ఆయన్ని బయట కూర్చోబెట్టి, నవ్వకుండా చెప్పాడు. ఇది నెమ్మదిగా పెరిగేదేనమ్మా, వెనక్కి తిరిగేది కాదు అని.

… … పాపా?

… ఆదివారం సంగతా? లేదని చెప్పెయ్… కార్డులు పంచేశావని నాకు తెలుసు… మీ ఆయనేమంటున్నారు? ఫోన్లో తీసిన ఫోటోలు పెద్దగా అచ్చు వేయించి తగిలిద్దామనా?… ఆయన మంచికే చెప్పారు, కాదనను. కానీ ఆదివారం మీ అన్నయ్యని తీసుకురాకుండా ఉంటావా? ఆయన గోడల వంక చూసి, ఇవన్నీ కడగకుండా ఎవరు తగిలించారు అని అడుగుతారు, అందరి ముందూ. అప్పుడు నువ్వేం చెప్తావు, నేనేం చెప్తాను?

… నిజం చెప్పాలా? హాలావిడకి?… చెప్పు! చెప్పు పోయి! మా అన్నకి మతి పోయిందని, మీరు మెచ్చుకున్నది ఆ పోయిన మతినే అని చెప్పు! కావాలంటే కార్డు మీద అచ్చు వేయించి ఊరంతా పంచు—

… …

కాదు… కాదులే… తప్పుగా అనేశాను. నీ మీద కోపం కాదమ్మా. నువ్వొక్కదానివే ఉన్నావు అరవడానికి, నీ మీద అరిచాను. ఆయనకి ఒంట్లో బాగాలేదని చెప్పు. అబద్ధం కాదు కదా.

… ఒక్కటుంది. చెప్పలేదు నీకు, ఒక్కటి మిగిలింది. దాచాను. బీరువాలో, దుప్పట్ల మధ్య… షాపు మేడ మీంచి కనపడే మైదానం ఉంది చూడు, ఖాళీగా, అవతల కొండ… ఆ, అదే, నీకిష్టమైనదే. కొండ చివర సన్నగా నీలం గీత… నీలం మహా మొండి రంగట పాపా. చొక్కా మీద పడినా అంతేనని షాపులో ఎప్పుడూ తిట్టుకునేవారు. మిగతా కాగితాలు ఎంత కడిగినా ఎక్కడో ఓ నీలం చార ఉండిపోయింది. మధ్యాహ్నాలు అవి ముందేసుకుని కూర్చుంటాను, ఏది ఏ బొమ్మో పోల్చుకుందామని. కొన్ని పోల్చుకుంటున్నాను కూడా—

ఉండు, ఉండు… వస్తున్నారు…

ఆ, పాపేనండీ… మామూలుగానే, ఎలా ఉన్నారని చేసింది… ఏం కావాలి మీకు?… కాలర్ బ్రషా? ఇప్పుడెందుకండీ, చొక్కాలన్నీ ఉతికేశాను… ఆ… స్పాంజికి పోవట్లేదా… ఏమో, ఎక్కడుందో… ఆ సొరుగులో లేదు… అదిగో, దొరికిందిగా…

మీరే మాట్లాడతారా? ఇదిగో ఫోను… వద్దా… ఏంటి?… … … సరే. చెప్తాను… చెప్తానన్నాగా. మీరు వెళ్ళండి. కాళ్ళు తడిగా ఉన్నాయి, జారతారు, గోడ పట్టుకుని వెళ్ళండి…

వెళ్ళారు.

నీకు వినపడిందా?… వినపడలేదా… నీ దగ్గరున్న బొమ్మ తెమ్మంటున్నారు… ఆ, ఆ చెరువు గట్టే… దానికి ఇంకా పనుందట. ‘పిచ్చిపిల్ల, సగం పనిలో ఉండగానే ముచ్చటపడి పట్టుకుపోయింది’ అన్నారు. నవ్వుతూ అన్నారు… చిన్నప్పుడు నిన్ను భుజాన వేసుకుని తిప్పేటప్పుడు నవ్వేవారే, అలాగే…

పాపా… పాపా, ఏడవకమ్మా. నువ్వు కూడా ఏడిస్తే నేనెవరితో చెప్పుకోవాలి?… ముక్కు చీదు. చీది విను.

ఆ బొమ్మ గోడ మీంచి దించకు. ఆయన అడిగితే ఇవ్వకు. మీ ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని బతిమాలినా ఇవ్వకు… నేను అడిగినా ఇవ్వకు. ఏదో ఒకరోజు ఆయన మొహం చూడలేక నేనే అడుగుతాను, నా సంగతి నాకు తెలుసు. అప్పుడు కూడా ఇవ్వకు. పోయిందను. పగిలిందను. ఎవరికో ఇచ్చేశానను. నన్ను తిట్టి ఫోను పెట్టెయ్… మాటివ్వు… ఊఁ… అంతే…

భయంగా ఉంది పాపా. పైకి ఇలా మాట్లాడుతున్నాను గానీ, చాలా భయంగా ఉంది.

… ఆ… రా. సాయంత్రం రా. ఏం తేవద్దు, నువ్వు వస్తే చాలు…

ఆగు.

… కాలర్ బ్రష్ ఎందుకడిగారు? పొద్దున్నుంచీ ఆ పాత కాగితాలే తడుపుకుంటున్నారనుకున్నాను. వాటిలో ఆ నీలం చారలకి ఇన్నాళ్ళూ బ్రష్ అడగలేదే?… ఉండు, ఫోను పెట్టకు, బీరువా చూసొస్తాను… నాతోనే ఉండు…

… … …

తలుపు తీసుంది… దుప్పట్లు మంచం మీదున్నాయి… అన్నీ తీసి చక్కగా మళ్ళీ మడత పెట్టారు, అంచుకి అంచు కలిపి. షాపులో పెట్టినట్టే… లేదు పాపా. మధ్యలో లేదు… కింద కూడా లేదు—

ఏమండీ!… ఏమండీ, ఆపండి!… నీళ్ళు కట్టెయ్యండీ!…

… … …

పాపా… గుమ్మంలో ఉన్నాను… అయిపోయింది… కొండ లేదు. మైదానం లేదు… నీలమా? దానికోసమేగా బ్రష్ పట్టుకెళ్ళారు… లేదు. అది కూడా లేదు. తెల్లగా ఉంది. ఉతికిన చొక్కాలా ఉంది… కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. మోచేతుల మీంచి నీళ్ళు కారుతున్నాయి… ఎంత సంతోషంగా ఉన్నారో పాపా… ఇంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో…

… ఆ? ఏంటండీ?…

… …

విన్నావా?… విన్నావా పాపా?… నన్ను అడిగారు. ఇటు తిరిగి, నన్నే… చాలంటావా అని…

ఏం చెప్పనే?…

ఆ… ఇక్కడే ఉన్నానండీ. చూస్తున్నాను… కొంచెం పైకెత్తండి… ఆ, అలా…

చాలు.

బాగుందండీ. ఇంక చాలు.

… …

కట్టేశారు పాపా… చాలు అనగానే, టక్కున…

చేతులు నానిపోయాయి ఆయనకి, పొద్దున్నుంచీ నీళ్ళలోనే కదా. తువ్వాలు ఇవ్వాలి… సాయంత్రం రా… పెట్టేస్తున్నాను.